దగ్గితే పడే మూత్రం, కిందికి జారే గర్భసంచి: పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ ఎవరికి, ఎంతవరకు?

దగ్గినప్పుడో తుమ్మినప్పుడో నాలుగు చుక్కల మూత్రం పడిపోవడం, యోనిలోంచి ఏదో కిందికి దిగుతున్నట్టు బరువుగా ఉండడం, భార్యాభర్తల కలయికలో నొప్పి, ఎంత ముక్కినా మల విసర్జన పూర్తి కాకపోవడం పైకి వేర్వేరు ఇబ్బందుల్లాగే కనిపిస్తాయి. ఒకదాని కోసం గైనకాలజిస్టు దగ్గరికి, ఇంకొకదాని కోసం యూరాలజిస్టు దగ్గరికి, మరొకదాని కోసం జీర్ణకోశ వైద్యుల దగ్గరికి తిరుగుతాం, లేదా ఎవరికీ చెప్పకుండా సర్దుకుపోతాం. అయితే చాలా మంది స్త్రీలలో ఈ ఇబ్బందుల వెనుక ఉండేది ఒకే చోటి కండరాలు. ఆ కండరాలకు చేసే చికిత్సనే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ అంటున్నారు.

ఈ మధ్య ఫోన్‌లో ఎక్కడ చూసినా దీని గురించిన వీడియోలే. ఈ కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలను రోజుకు వంద చేయమని ఒకరు, అసలు చేయవద్దని మరొకరు, ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుంటే చాలునని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో ఏది నిజమన్న ప్రశ్నకు జవాబు చూసేవారి శరీరాన్ని బట్టి మారుతుంది. ఒకరికి మేలు చేసే వ్యాయామమే ఇంకొకరి నొప్పిని పెంచవచ్చు. అది ఎందుకో తెలియాలంటే ముందు ఆ కండరాల పని తీరు తెలియాలి.

## ఈ కండరాలు ఎక్కడ ఉంటాయి, ఏం చేస్తాయి

పొత్తికడుపు చివర చేతికి గట్టిగా తగిలే జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక వరకు, రెండు పక్కలా కటివలయం ఎముకలను పట్టుకుని, జోలె కట్టినట్టు పరచుకుని ఉండే కండరాల సముదాయమే పెల్విక్ ఫ్లోర్. అందులో ముఖ్యమైన కండరం పేరు లెవేటర్ ఏనై. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం దీని ఆసరా మీదే నిలబడతాయి. మూత్రనాళం, యోని, మలద్వారం మూడూ దీని మధ్య నుంచే బయటికి తెరుచుకుంటాయి.

ఈ కండరాలు మూడు పనులు చేయాలి. పైనున్న అవయవాల బరువును మోయాలి. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ద్వారాలను మూయాలి. మూత్రానికో మలానికో కూర్చున్నప్పుడు, కలయిక సమయంలో, కాన్పు సమయంలో పట్టు వదలాలి. మొదటి రెండు పనుల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం కానీ మూడోది కూడా అంతే ముఖ్యం. ఉదాహరణకు, ఈ కండరంలో ఒక పాయ మలాశయాన్ని వెనుక నుంచి చుట్టి ముందుకు లాగిపట్టి ఉంచుతుంది. అక్కడ ఏర్పడే వంపు వల్లనే మలం నిలిచి ఉంటుంది. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ పాయ సడలి, వంపు కొంత తిన్నబడి, మలం సులువుగా బయటికి వస్తుంది. కమోడ్ మీద కూర్చునేవారికి పాదాల కింద చిన్న పీట వేసుకోమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది ఇందుకే.

ఊపిరితో కూడా వీటికి సంబంధం ఉంది. గాలి పీల్చుకున్నప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, దానితో పాటు పెల్విక్ ఫ్లోర్ కూడా కొద్దిగా దిగుతుంది. గాలి వదిలినప్పుడు రెండూ పైకి లేస్తాయి. శ్వాస వ్యాయామాలకు ఈ చికిత్సలో చోటు దక్కడానికి కారణం ఈ జంట కదలికే.

## రెండు వ్యతిరేక స్థితులు: బలహీనత, బిగుతు

గందరగోళమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

కండరం బలహీనపడినా, చిరిగినా, దానికి వెళ్ళే నరం దెబ్బతిన్నా మూసే శక్తి, మోసే శక్తి తగ్గుతాయి. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. కింద నుంచి గట్టి ఆసరా దొరికితే ఆ నాళం నొక్కుకుని మూసుకుంటుంది, దొరకకపోతే మూత్రం లీక్ అవుతుంది. దీన్ని వైద్యులు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఇదే బలహీనత అవయవాలను మోయలేని స్థాయికి చేరినప్పుడు, వాటిని పట్టి ఉంచే బంధనాలు కూడా సాగిపోయినప్పుడు మూత్రాశయమో గర్భసంచో మలాశయమో యోనిలోకి జారుతుంది. అది ప్రోలాప్స్. కాన్పులో మలద్వారం చుట్టూ ఉండే కండరం దాకా చిరుగు వెళ్ళిన వారిలో కొందరికి గాలి, మలం మీద అదుపు తగ్గుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి బిగుతు. కొందరిలో ఈ కండరాలు ఎప్పుడూ బిగబట్టుకునే ఉంటాయి, వదలమన్నా వదలవు. పాత గాయం, కుట్ల దగ్గరి నొప్పి, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం దాని బయట పెరగడం), ఏళ్ళ తరబడి మూత్రాన్ని ఆపుకునే అలవాటు, భయం, ఆందోళన వంటివి ఇందుకు దారి తీయవచ్చు. ఒక్కోసారి కారణం స్పష్టంగా దొరకదు కూడా. ఇలాంటి వారికి కలయికలో నొప్పి, టాంపన్ గానీ పరీక్ష చేసే వేలు గానీ లోపలికి పోనివ్వని బిగుతు, మూత్రం మొదలవడానికి ఆలస్యం, ధార ఆగి ఆగి రావడం, మలబద్ధకం, తోక ఎముక దగ్గర నొప్పి కనిపిస్తాయి. కలయిక అసలే సాధ్యం కాని స్థితిని చాలా కాలంగా వెజైనిస్మస్ అని పిలుస్తున్నారు.

చిక్కేమిటంటే, బిగుసుకుపోయిన కండరం బలమైన కండరం కాదు. ఎప్పుడూ సగం బిగిసే ఉన్న కండరానికి దగ్గు వచ్చిన క్షణంలో ఇంకా బిగించే సత్తువ మిగలదు. అందువల్ల బిగుతు ఉన్న స్త్రీకి కూడా మూత్రం లీక్ కావచ్చు. ఆమె తనది బలహీనత అనుకుని రోజూ వంద సార్లు కండరాన్ని బిగిస్తూ పోతే నొప్పి పెరగవచ్చు. లక్షణాన్ని మాత్రమే చూసి వ్యాయామం ఎంచుకోవడం ప్రమాదమని నేను అనడానికి కారణం ఇదే.

ఊహకు ఇద్దరు స్త్రీలను తీసుకుందాం. ఒకరు 42 ఏళ్ళ టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. తరగతిలో గట్టిగా మాట్లాడినప్పుడు, మెట్లు దిగేటప్పుడు మూత్రం లీక్ అవుతుంది, నొప్పి మాత్రం ఎక్కడా లేదు. రెండో ఆమె 29 ఏళ్ళ ఉద్యోగిని, పెళ్ళయి రెండేళ్ళయినా కలయిక నొప్పిగానే ఉంది, గంటకోసారి మూత్రానికి వెళ్తుంది, అప్పుడప్పుడు లీక్ కూడా అవుతుంది. ఇద్దరూ ఒకే వీడియో చూసి ఒకే వ్యాయామం మొదలుపెట్టవచ్చు. మొదటి ఆమెకు అది సరైన దారి కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. రెండో ఆమెకు ముందు నేర్పవలసింది బిగించడం కాదు, వదలడం.

## మొదటి రోజు పరీక్షలో ఏం జరుగుతుంది

శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి సమయం చాలావరకు మాటల్లోనే గడుస్తుంది. ఎన్ని కాన్పులు, బిడ్డ బరువు ఎంత, ఫోర్సెప్స్ వాడారా, కుట్లు ఎక్కడి వరకు పడ్డాయి, రోజుకు ఎన్నిసార్లు మూత్రం, ఎన్ని కప్పుల టీ, మల విసర్జన ఎలా ఉంది, ఏ పని చేసినప్పుడు లీక్ అవుతోంది, నెలసరి ఆగిపోయిందా, ఇలా ఒక్కొక్కటిగా అడిగి రాసుకుంటారు. నిలబడే తీరు, ఊపిరి తీసుకునే తీరు, పొట్ట కండరాలు, నడుము, తుంటి కూడా చూస్తారు.

తరువాత, స్త్రీ ఒప్పుకుంటేనే, కండరాన్ని నేరుగా పరీక్షిస్తారు. ఏం చేయబోతున్నారో ముందే చెప్పాలి, తోడుగా ఇంకొక స్త్రీ ఉండాలనుకుంటే ఉండనివ్వాలి, మధ్యలో వద్దంటే ఆపేయాలి. గ్లవ్ వేసుకుని, జెల్ రాసుకున్న ఒక వేలిని యోనిలో ఉంచి, మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు బిగించమంటారు, ఆపైన పూర్తిగా వదిలేయమంటారు. బిగింపు ఎంత బలంగా ఉందో 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఎన్ని సెకన్లు నిలుస్తోంది, ఎన్నిసార్లు అలా చేయగలుగుతోంది, వెంటవెంటనే ఎన్ని బిగింపులు సాధ్యం, వదిలినప్పుడు నిజంగా సడలుతోందా, నొక్కితే నొప్పి ఉన్న చోటు ఏది అన్నవి చూస్తారు. లోపలి పరీక్ష వద్దనుకునే వారికి, పెళ్ళి కాని అమ్మాయిలకు పైనుంచి చూసి గానీ పొట్ట మీది అల్ట్రాసౌండ్‌లో మూత్రాశయం అడుగు కదలికను చూసి గానీ కొంత వరకు అంచనా వేయవచ్చు.

మన టీచరు విషయంలో బలం 2, నిలకడ 3 సెకన్లు, 4 సార్లు అని తేలిందనుకుందాం. అప్పుడు ఆమెకు ఇచ్చే మొదటి వ్యాయామం 10 సెకన్ల బిగింపు కాదు, 3 సెకన్ల బిగింపు, దానికి సరిపడా విరామం, 4 సార్లు మాత్రమే. అక్కడి నుంచి వారాల మీద పెంచుకుంటూ పోతారు.

ఇంత పరీక్ష అవసరమా, చెబితే చేసుకోలేరా అన్న సందేహం సహజం. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీల మీద జరిగిన ఒక పరిశీలన దీనికి జవాబు చెబుతుంది. నోటిమాటగా కాసేపు వివరించి బిగించమన్నప్పుడు సుమారు సగం మందే సరిగ్గా చేయగలిగారు. దాదాపు నాలుగోవంతు మంది చేసిన తీరు మూత్రం లీక్ కావడాన్ని పెంచే విధంగా ఉంది. పొట్ట బిగబట్టి కిందికి ముక్కుతూ అదే వ్యాయామమనుకునే పొరపాటు బయటినుంచి చూస్తే తెలియదు.

## దగ్గినప్పుడు లీక్ అయితే: శిక్షణ ఎంత, ఫలితం ఎంత

ఈ వ్యాయామాలకు పేరు తెచ్చినవాడు అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్. 1948లో ఆయన ప్రచురించిన పద్ధతిలో ఒక పరికరం కూడా ఉండేది. యోనిలో ఉంచిన ఆ పరికరం స్త్రీ ఎంత బలంగా బిగిస్తోందో డయల్ మీద చూపించేది. అంటే, సరిగ్గా చేస్తున్నదీ లేనిదీ చూసి చెప్పడం ఈ చికిత్సలో మొదటి నుంచీ ఉన్న భాగమే. కాలక్రమంలో ఆ భాగం రాలిపోయి వ్యాయామం పేరు ఒక్కటే జనంలో మిగిలింది.

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2019 మార్గదర్శకాల్లో, స్ట్రెస్ రకం లేదా మిశ్రమ రకం (దగ్గుతోనూ, ఆపుకోలేని వేగిరంతోనూ పడే) లీక్ ఉన్నవారికి మొదటి చికిత్సగా కనీసం 3 నెలల పాటు నిపుణుల పర్యవేక్షణలో శిక్షణ ఇవ్వాలని, రోజుకు మూడు పూటలు, పూటకు కనీసం 8 బిగింపులు ఉండాలని చెప్పింది. లెక్క వేసి చూద్దాం. ఒక్కో బిగింపు 8 సెకన్లు, విరామం 8 సెకన్లు అనుకుంటే పూటకు 2 నిమిషాల పైచిలుకు, రోజుకు 7 నిమిషాల లోపే. సమయం పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి ఏమిటంటే 3 నెలలు మానకుండా చేయడం. మిగతా కండరాల లాగే ఇది కూడా బలపడడానికి వారాలు పడుతుంది. పది రోజుల్లో తేడా కనపడలేదని వదిలేసినవారిని చికిత్స విఫలమైనవారి లెక్కలో చేర్చడం న్యాయం కాదు.

బలం పెరగక ముందే పనికి వచ్చే నేర్పు ఇంకొకటి ఉంది. దగ్గు లేదా తుమ్ము రాబోతోందని తెలిసిన క్షణంలో ముందుగా కండరాన్ని బిగించి, దగ్గాక వదలడం. దీనిని ఒక వారం పాటు నేర్చుకున్న స్త్రీలలోనే దగ్గుతో పడే మూత్రం బాగా తగ్గినట్టు 1998లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది. బిందె ఎత్తేటప్పుడు, పిల్లవాణ్ణి చంకనెత్తుకునేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా ఇదే వరస. ఇంకో మాట, మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా పెట్టుకోవద్దని ఫిజియోథెరపిస్టులు హెచ్చరిస్తారు. ఏ కండరమో గుర్తు పట్టడానికి ఒకసారి ప్రయత్నిస్తే పరవాలేదు కానీ, అలవాటైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడం దెబ్బతినవచ్చు.

ఫలితాల గురించి నమ్మదగిన లెక్క, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ప్రచురించిన సమీక్షలో ఉంది. స్ట్రెస్ రకం లీక్ ఉన్నవారిలో శిక్షణ తీసుకున్న వందమందిలో 56 మంది తమకు నయమైందని చెప్పగా, తీసుకోని వందమందిలో 6 మందే అలా చెప్పారు. తేడా చాలా పెద్దది. అయితే ఇది స్త్రీలు స్వయంగా చెప్పినదాని మీద ఆధారపడిన లెక్కనీ, ఆ వందలో 44 మందికి పూర్తిగా నయం కాలేదనీ కూడా గుర్తుంచుకోవాలి.

ఆపరేషన్‌తో పోలిస్తే? నెదర్లాండ్స్‌లో 460 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఫిజియోథెరపీ, రెండో జట్టుకు మూత్రనాళం కింద టేపు అమర్చే స్లింగ్ ఆపరేషన్ కేటాయించిన అధ్యయనం 2013లో వెలువడింది. వారిలో లీక్ ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవారే ఉన్నారు. ఏడాది తరువాత మెరుగైందన్నవారు ఆపరేషన్ జట్టులో 91 శాతం, ఫిజియోథెరపీ జట్టులో 64 శాతం. పైగా ఫిజియోథెరపీ జట్టులో 49 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు మారారు. సర్జన్లు ఈ అధ్యయనాన్ని చూపి, లీక్ తీవ్రంగా ఉన్నవారిని నెలల తరబడి వ్యాయామాలతో నిలబెట్టడం ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఫిజియోథెరపిస్టులు అదే అధ్యయనాన్ని చూపి, సగం మందికి ఆపరేషన్ అవసరమే పడలేదు కదా, తలెత్తిన దుష్ఫలితాలన్నీ ఆపరేషన్‌కు సంబంధించినవే కదా అంటారు. అందులోనూ నిజం ఉంది. టేపు, మెష్ (ఆసరాగా అమర్చే కృత్రిమ వల) వాడకం మీద ఆందోళనతో బ్రిటన్ 2018లో వాటిని నిలిపివేయడం, ప్రోలాప్స్ కోసం యోని ద్వారా అమర్చే మెష్ అమ్మకాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2019లో ఆపించడం రెండో వాదనకు బలం ఇచ్చాయి. నా దృష్టిలో, లీక్ ఎంత తీవ్రంగా ఉంది, ఇంకా పిల్లలు కావాలా, ఎంత కాలం ఆగగలరు అన్న మూడింటిని బట్టి స్త్రీ స్వయంగా తేల్చుకోవలసిన విషయమిది. రెండు దారుల గురించీ ఆమెకు చెప్పడం మాత్రం వైద్యుల బాధ్యత.

## తలుపు తీసేలోపే పడిపోతే: మూత్రాశయానికి శిక్షణ

ఒత్తిడితో పని లేకుండా, ఒక్కసారిగా ఆపుకోలేనంత వేగిరం వచ్చి, బాత్రూమ్ చేరేలోపే లీక్ కావడం అర్జ్ ఇన్‌కాంటినెన్స్. ఇక్కడ మూత్రాశయ కండరం సమయం కాని సమయంలో ముడుచుకుంటోంది. పెల్విక్ ఫ్లోర్‌ను బిగిస్తే ఆ ముడుచుకోవడం నరాల ద్వారా అణుగుతుంది కనుక బిగింపు ఇక్కడ కూడా సాధనమే, కానీ ప్రధాన చికిత్స అలవాటును మార్చడం.

దానికి మొదటి మెట్టు మూడు రోజుల డైరీ. ఎప్పుడు ఏం తాగారు, ఎప్పుడు ఎంత మూత్రం పోశారు అన్నది కొలపాత్రతో కొలిచి రాస్తారు. ఒకామె మెలకువగా ఉన్న 16 గంటల్లో గంటకోసారి వెళ్తోంది, ప్రతిసారీ సుమారు 100 మిల్లీలీటర్లు పోస్తోంది అనుకుందాం. మొత్తం 1,600 మిల్లీలీటర్లు. తయారయ్యే మూత్రం మామూలుగానే ఉంది, మూత్రాశయం మాత్రం నిండకుండానే ఖాళీ అవుతోంది. అదే మూత్రం ఒక్కోసారి 250 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 6 లేదా 7 సార్లతో సరిపోతుంది. కాబట్టి ఆమెను మొదటి వారం గంటకు బదులు గంటంబావు ఆగమంటారు. వేగిరం వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి లేదా కూర్చుని, నాలుగైదు సార్లు చటుక్కున బిగించి వదిలి, వేగిరం తగ్గాక నెమ్మదిగా వెళ్ళమంటారు. వారానికి పావుగంట చొప్పున పెంచితే 6 వారాలకు రెండున్నర గంటల విరామం వస్తుంది. నైస్ మార్గదర్శకం చెప్పే కనీస శిక్షణ కాలం కూడా 6 వారాలే. టీ, కాఫీ తగ్గించడం కొందరికి బాగా ఉపయోగపడుతుంది.

లీక్ భయంతో నీళ్ళు తాగడం మానేయడం మన దగ్గర చాలా మామూలు. పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు, బస్సుల్లో తిరిగే ఉద్యోగినులు, మరుగుదొడ్డి సరిగా లేని బడుల్లో పనిచేసే టీచర్లు ఉదయం నుంచి గుక్కెడు నీళ్ళతో సరిపెట్టుకుంటారు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకం పెరిగి ముక్కవలసి వస్తుంది, ఆ ముక్కడం మళ్ళీ పెల్విక్ ఫ్లోర్ మీదే పడుతుంది. మరుగుదొడ్డి లేకపోవడం స్త్రీల శరీరంలో ఇంత దూరం వెళ్తుందన్నది ఆరోగ్య శాఖలే కాదు, పని ఇచ్చే యజమానులు కూడా గుర్తించవలసిన సంగతి.

## బిగుతుకు చికిత్స: వదలడం నేర్పడం

మన రెండో ఉదాహరణలోని ఉద్యోగినికి ఇచ్చే చికిత్స చూడడానికి వ్యాయామంలాగే ఉండదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్ట అడుగు దాకా నిండేలా ఊపిరి పీల్చుకుంటూ కింద కండరం సడలడాన్ని గమనించడం, తుంటి, తొడ లోపలి కండరాలను సాగదీయడం, లోపల నొప్పి ఉన్న చోట థెరపిస్టు వేలితో మెల్లగా ఒత్తి పట్టి వదలడం, కండరం బిగింపును కొలిచే సెన్సర్ ఉంటే తెర మీద గీత కిందికి దిగడాన్ని చూసి వదలడం అంటే ఏమిటో శరీరానికి తెలియజేయడం ఇందులో ఉంటాయి. కలయిక సాధ్యం కానివారికి చిటికెన వేలంత సన్నని పరిమాణం నుంచి మొదలుపెట్టి, క్రమంగా పెంచే నున్నటి కడ్డీల్లాంటి డైలేటర్లు ఇస్తారు. వాటిని స్త్రీ తన చేతితో, తన వేగంతో వాడుకోవాలి. భర్తకు కూడా విషయం వివరించి, చికిత్స సాగినన్నాళ్ళు ఒత్తిడి పెట్టకుండా ఉండమని చెప్పడం అవసరం. అవసరమైన చోట కౌన్సెలింగ్ కూడా కలుపుతారు.

పిల్లలు కాలేదని ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించుకుని, అసలు కలయికే జరగలేదన్న మాట ఎవరికీ చెప్పుకోలేని దంపతులు ఉంటారు. ఆమెకు ఇష్టం లేదనో భయమనో ఇంట్లో నిందలు పడతాయి. ఇది ఆమె మొండితనం కాదు, ఆమె అదుపులో లేకుండా బిగుసుకునే కండరం, దానికి చికిత్స ఉంది. ఈ ఒక్క వాక్యం చేరవలసిన ఇళ్ళు మన మధ్య చాలా ఉన్నాయి.

## గర్భసంచి జారితే తీసేయవలసిందేనా

జారడం ఎంతవరకు వచ్చిందన్నది యోని ద్వారం దగ్గరి హైమెన్ (కన్నెపొర) గీతను ప్రమాణంగా పెట్టుకుని కొలుస్తారు. గీతకు ఒక సెంటీమీటరు కంటే పైనే ఆగితే మొదటి దశ, గీతకు అటూ ఇటూ ఒక సెంటీమీటరు లోపల ఉంటే రెండో దశ, అంతకు మించి బయటికి వస్తే మూడు, నాలుగు దశలు. మొదటి రెండు దశల్లో కనీసం 16 వారాల పర్యవేక్షిత శిక్షణను నైస్ సూచిస్తుంది. 447 మంది స్త్రీలతో జరిగి 2014లో వెలువడిన పాపీ అధ్యయనంలో, ఒక్కొక్కరికి తగినట్టు శిక్షణ ఇచ్చినవారిలో బరువు, లాగుడు వంటి లక్షణాలు ఏడాది తరువాత తగ్గాయి. అవయవం తిరిగి పూర్తిగా పైకి వెళ్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. సాగిన బంధనాలను వ్యాయామం బిగించలేదు. యోనిలో అమర్చే సిలికాన్ రింగు, అంటే పెసరీ, ఆపరేషన్ వద్దనుకునేవారికి మరో దారి. మూడు, నాలుగు దశల్లో చాలా మందికి పెసరీ గానీ ఆపరేషన్ గానీ అవసరమవుతుంది.

ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే పైన ఉన్నవి ఈ రెండే. ఎక్కువ మందికి కారణం అధిక రక్తస్రావం, నొప్పి. జారడం కొందరికే కారణం. అయినా జారిందన్న మాట వినగానే తీసేయడమే మందు అన్న ఆలోచన బలంగా పాతుకుపోయింది. గర్భసంచి జారడానికి కారణం గర్భసంచి కాదు, దాన్ని పట్టి ఉంచే ఆసరా. సర్జన్ ఆ ఆసరాను సరిచేయకుండా సంచిని మాత్రం తీస్తే, తరువాత యోని పైభాగమే కిందికి జారే అవకాశం ఉంటుంది. అనవసర హిస్టరెక్టమీల (గర్భసంచి తీసే ఆపరేషన్ల) మీద 2023లో సుప్రీంకోర్టు కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. తొలి దశ జారుడుతో వచ్చిన స్త్రీకి ఫిజియోథెరపీ, పెసరీల గురించి చెప్పిన తరువాతే కత్తి మాట ఎత్తడం ఆ స్ఫూర్తికి తగిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

## సిజేరియన్ అయితే ఈ బాధ తప్పుతుందా

నార్మల్ కాన్పులో లెవేటర్ కండరం తన మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుంది. అందుకే ఈ సమస్యలకు అది పెద్ద కారణం. సిజేరియన్ ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది కానీ తీసివేయదు. తొమ్మిది నెలల బరువు, హార్మోన్ల మార్పులు, తరువాతి కాలంలో వయసు, ఊబకాయం, దీర్ఘకాలపు దగ్గు, మలబద్ధకం ఎవరినీ వదలవు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్లే. కోసిన కాన్పు కదా, మాకెందుకు వస్తుందనుకునే తల్లులు చాలా మంది ఉండడంలో ఆశ్చర్యం లేదు.

నివారణ గురించి 2020 కాక్రేన్ సమీక్ష జాగ్రత్తగా మాట్లాడుతుంది. లీక్ లేని గర్భిణులు తొలి నెలల నుంచి శిక్షణ మొదలుపెడితే చివరి నెలల్లోనూ కాన్పు తరువాతి నెలల్లోనూ లీక్ వచ్చే అవకాశం తగ్గుతుంది. అప్పటికే లీక్ ఉన్న గర్భిణులకు, బాలింతలకు ఎంత మేలు జరుగుతుందన్నది అంత స్పష్టంగా తేలలేదు. ఫ్రాన్స్‌లో కాన్పు తరువాత ఈ శిక్షణకు అయ్యే ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది.

మన ఇళ్ళలో బాలింత పథ్యాల విషయానికి వస్తే, విశ్రాంతి ఇవ్వడం మంచి సంప్రదాయం. నీళ్ళు తక్కువ తాగమనడం, కూరగాయలు తగ్గించడం మాత్రం మలబద్ధకానికి, ముక్కడానికి దారి తీస్తాయి. అప్పుడే కుట్లు పడిన చోట అది మంచిది కాదు. నడుముకు బట్ట బిగించి కట్టడం కొందరికి హాయిగా ఉంటుంది కానీ, పెల్విక్ ఫ్లోర్‌ను అది బలపరచదు. మరీ బిగిస్తే పొట్టలోని ఒత్తిడి కిందికే దిగుతుంది.

## సెన్సర్లు, కరెంటు, కుర్చీలు

బిగింపును తెర మీద చూపే బయోఫీడ్‌బ్యాక్ వల్ల ఫలితం పెరుగుతుందా అన్నది బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో జరిగిన ఓపాల్ అధ్యయనం పరిశీలించింది. 2020లో వెలువడిన ఫలితం ప్రకారం, రెండేళ్ళ తరువాత అది వాడినవారికీ వాడనివారికీ తేడా లేదు. కండరాన్ని గుర్తించలేనివారికి, వదలడం రానివారికి అది సాయపడవచ్చు, అందరికీ అవసరం లేదు. కరెంటు ప్రేరణ కూడా అంతే, స్వయంగా బిగించలేనివారికి పరిశీలించదగినదే కానీ వ్యాయామం చేయగలిగినవారికి మామూలుగా సూచించరు. అయస్కాంత కుర్చీ కండరాన్ని ముడిచి వదులుతుంది, కానీ దగ్గు వచ్చే ముందు ఎప్పుడు బిగించాలో అది నేర్పదు.

## ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఎప్పుడు ముందుగా డాక్టరుకు చూపించాలి

మూత్రంలో రక్తం, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం, ఒక్కసారిగా మూత్రం బంద్ కావడం, తొడల మధ్య తిమ్మిరితో పాటు కాళ్ళలో బలహీనత, జ్వరంతో మంట, కారణం తెలియని బరువు తగ్గుదల ఉంటే ముందు డాక్టరు పరీక్ష జరగాలి, వ్యాయామం ఆ తరువాతే. నెలసరి ఆగినవారిలో యోని పొడిబారి మంట ఉంటే ఈస్ట్రోజెన్ క్రీము అవసరం కావచ్చు, అదీ డాక్టరే నిర్ణయించాలి.

ఫిజియోథెరపీ డిగ్రీ ఉన్న ప్రతివారికీ ఈ పరీక్షలో అనుభవం ఉండదు. ప్రసూతి, స్త్రీల ఆరోగ్య విభాగంలో పీజీ చేసినవారు, లేదా పెల్విక్ ఫ్లోర్‌లో విడిగా శిక్షణ పొందినవారు కావాలి. ఇలాంటివారు ఇప్పటికి ఎక్కువగా పెద్ద నగరాల్లోనే దొరుకుతారు. జిల్లాల్లో ఉన్నవారికి మొదటి పరీక్ష ఒక్కసారి నేరుగా చేయించుకుని, తరువాతి పర్యవేక్షణను వీడియో కాల్ ద్వారా సాగించడం ఆచరణలో వీలైన మార్గం. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే కండరాన్ని నేరుగా పరీక్షిస్తారా, బిగుతు కూడా చూస్తారా, కార్యక్రమం ఎన్ని వారాలు, మధ్యలో ఎన్నిసార్లు మళ్ళీ పరీక్షిస్తారు అని అడగవచ్చు. పరీక్ష లేకుండానే అందరికీ ఒకే వ్యాయామాల కాగితం ఇచ్చే చోట, మన టీచరుకూ ఆ ఉద్యోగినికీ అందేది ఒకే కాగితం.